బ్యాంకు ఉద్యోగమా, యాక్సెసిబిలిటీ టెస్టింగా: చూపు లేని మన పిల్లలకు ఏది మేలు?

గత ఏడాది నేను బ్యాంకు ఉద్యోగం మానేశానని తెలిసిన దగ్గర్నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. పుత్తూరు, పీలేరు, పలమనేరు, శ్రీకాళహస్తి, ఎక్కడి నుంచి చేసినా ప్రశ్న ఒకటే. "అన్నా, డిగ్రీ అయిపోయింది, సదరం సర్టిఫికెట్ ఉంది, ఎన్‌వీడీఏ కొంచెం వచ్చు. బ్యాంకు పరీక్షలకు కూర్చోమంటావా, నీ మాదిరి యాక్సెసిబిలిటీ టెస్టింగ్ నేర్చుకోమంటావా?" (సదరం అంటే ప్రభుత్వమిచ్చే వికలాంగత సర్టిఫికెట్, ఎన్‌వీడీఏ అంటే కంప్యూటర్ స్క్రీన్ మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, దీన్నే స్క్రీన్ రీడర్ అంటారు, యాక్సెసిబిలిటీ టెస్టింగ్ అంటే వెబ్‌సైట్లూ యాప్‌లూ చూపు లేనివాళ్లు వాడగలరో లేదో పరీక్షించే పని.) పెద్దవాళ్లయితే ఇంకో మాట కూడా అడుగుతారు, పర్మనెంట్ ఉద్యోగం చేతులారా ఎందుకు వదులుకున్నావు నాయనా అని. మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఒక్కొక్కరికి ఫోన్‌లో సగం సగం చెప్పేకన్నా ఇక్కడ మొత్తం రాస్తే నయమనిపించింది.

బ్యాంకు సంగతి ముందు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం, అందులో అంధులకూ లో విజన్ వాళ్లకూ కలిపి 1 శాతం రిజర్వేషన్. పరీక్షకు స్క్రైబ్‌ని, అంటే మనం చెప్తుంటే రాసిపెట్టే మనిషిని, పెట్టుకోవచ్చు, గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. ఇవన్నీ మీకు తెలిసినవే. ఆ ఉద్యోగం ఇంటికి ఏం చేస్తుందో మాత్రం చెప్పాలి. మా నాయనది తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర చిన్న పూల అంగడి. నాకు చిన్నప్పుడే రేచీకటి మొదలై, డిగ్రీకి వచ్చేసరికి పగలు కూడా కనపడకుండా పోయింది. వీడి బతుకు ఎట్లా అని ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ మా అమ్మ ముందే అనేవాళ్లు. బ్యాంకు ఆర్డరు వచ్చిన రోజు ఆ మాట ఆగిపోయింది. జీతం, హౌసింగ్ లోను, మా చెల్లెలి పెళ్లి, అన్నీ ఆ ఉద్యోగం మీదే జరిగాయి. అందుకే బ్యాంకు వద్దని నేను ఎవరికీ చెప్పను.

కానీ ఉద్యోగం వేరు, పని వేరు. నా లెక్కలో అసలు తేల్చుకోవాల్సింది ఇదొక్కటే: ఆ కుర్చీలో కూర్చున్నాక మన పని మన చేత్తో మనం చేసుకోగలుగుతామా లేదా. జీతం, ట్రాన్స్‌ఫర్లు, పర్మనెంటా కాంట్రాక్టా అన్నవన్నీ దాని తర్వాతే.

నా మొదటి రోజు చెప్తాను. బ్రాంచిలో కంప్యూటర్ ఉంది, స్క్రీన్ రీడర్ లేదు. వేయడానికి పైఆఫీసు అనుమతి కావాలన్నారు, అది రావడానికి నెలలు పట్టింది. వచ్చాక అసలు చిక్కు తెలిసింది. మేం వాడే ప్రోగ్రామ్‌లో బటన్లకు పేర్లు లేవు, ట్యాబ్ నొక్కితే "బటన్, బటన్, బటన్" అని చదువుతుంది, ఏది డిపాజిట్టో ఏది క్యాన్సిలో తెలియదు. ఇంకో ప్రోగ్రామ్ మన మెషీన్‌లో కాకుండా దూరంగా సర్వర్‌లో నడిచి, దాని బొమ్మ మాత్రమే మన స్క్రీన్ మీదికి వస్తుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు. మన స్క్రీన్ రీడర్‌కు మాత్రం అక్కడ అక్షరాలే లేవు, ఒట్టి బొమ్మ, కాబట్టి నోరు మెదపదు. చెక్కు మీద సంతకం సరిచూడటం ఎటూ కుదరదు. తోటివాళ్లు చాలా మంచివాళ్లు, "మీరు కూర్చోండి సార్, మేం చూసుకుంటాం" అనేవాళ్లు. ఆ మంచితనమే నాకు భరించడం కష్టమైంది. పొద్దున పదికి వెళ్లి సాయంత్రం దాకా ఊరికే కూర్చుని, నెలాఖరుకు పూర్తి జీతం తీసుకుని ఇంటికొస్తుంటే మా నాయన మొహం ఎట్లా చూడాలో తెలిసేది కాదు, ఆయన రోజంతా నిలబడి మూరల లెక్కన పూలు అమ్మి సంపాదిస్తున్నాడు కదా.

అందరికీ ఇట్లానే జరుగుతుందని కాదు. నాతో పాటు పరీక్ష పాసైన ఒక స్నేహితుడు వేరే బ్యాంకు రీజినల్ ఆఫీసులో కస్టమర్ల ఫిర్యాదులు చూస్తాడు. పనంతా ఈమెయిలు, ఎక్సెల్, ఫోన్. ఈ మూడింటికీ స్క్రీన్ రీడర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, వాడు తన పని తాను చేసుకుని ఇంకొకరికి నేర్పిస్తున్నాడు కూడా. కాబట్టి బ్యాంకులో చేరేవాళ్లు చేరిన వారంలోనే రాతపూర్వకంగా అడగండి, స్క్రీన్ రీడర్ కావాలని, ఏ సీటులో మీరు పని చేయగలరో కూడా మీరే చెప్తూ. వాళ్లంతట వాళ్లకు తట్టదు. నేను మొహమాటపడి, నాకు కుదిరే సీటు ఇవ్వమని రెండేళ్లు అడగలేదు, ఆ రెండేళ్లు తిరిగి రావు.

ఇప్పుడు టెస్టింగ్. ఒక వెబ్‌సైటో యాప్‌నో మౌస్ ముట్టుకోకుండా, స్క్రీన్ చూడకుండా వాడి, ఎక్కడ ఆగిపోయామో, ఎందుకు ఆగిపోయామో రాసి ఇవ్వడం ఈ పని. ఫొటోకు వివరణ ఉందా, ఫారమ్‌లో ప్రతి గడికీ పేరు చదువుతోందా, హెచ్ నొక్కితే హెడ్డింగులు వరసగా వస్తున్నాయా, తప్పు నింపితే ఆ తప్పు మనకు వినిపిస్తోందా, ఇట్లాంటివి. వీటన్నిటికీ డబ్ల్యూసీఏజీ అని ప్రపంచమంతా ఒప్పుకున్న నియమాలున్నాయి, 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చింది. యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి యాక్సెసిబిలిటీ చట్టం అమల్లోకి వచ్చింది, అక్కడి జనానికి సేవలమ్మే కంపెనీలు పాటించక తప్పదు. మన దేశంలో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. బ్యాంకు ఖాతాకు మనం ఎవరమో సరిచూసే కేవైసీలో కళ్లు ఆర్పి చూపించమంటారే, ఆ ఇబ్బంది మీదే వచ్చిన కేసు అది. అంటే ఈ పని ఎవరో జాలిపడి ఇచ్చేది కాదు, చట్టం వల్ల పుట్టిన పని.

తప్పులు వాటంతట అవే పట్టే ఆటోమేటిక్ టూల్స్ ఉన్నాయి కదా, మనుషులు ఎందుకు అని ఒకమ్మాయి అడిగింది. ఫొటోకు వివరణ రాశారా లేదా అన్నది టూల్ చెప్తుంది. లడ్డూ ఫొటోకు "చిత్రం 1" అని రాసిపెడితే ఎవరికీ ఉపయోగం లేదన్నది వాడేవాడికే తెలుస్తుంది.

నాకు ఈ పని ఎందుకు నచ్చిందంటే, బ్యాంకులో నా స్క్రీన్ రీడర్ ఒక అడ్డంకి, దానికోసం అనుమతి అడగాలి, వేరే ఏర్పాట్లు చేయాలి. ఇక్కడ అదే నా పనిముట్టు. నేను ఇరుక్కుపోయిన చోటే వాళ్లకు కావాల్సిన సమాచారం ఉంటుంది. మొదటి నెలలో ఒక టికెట్ బుకింగ్ పేజీలో తేదీ ఎంచుకునే క్యాలెండర్ కీబోర్డుకు అందడం లేదని రాసిస్తే, వారంలో అది సరిచేశారు. ఆ రోజు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, సంతోషంతో.

కష్టాలు కూడా చెప్పాలి. జీతం మొదట్లో నా బ్యాంకు జీతంకన్నా తక్కువే, ఇప్పటికీ కొంచెం తక్కువే. ఎక్కువ కాంట్రాక్టు పనులు, ప్రాజెక్టు అయిపోతే మళ్లీ టెన్షన్. తిరుపతిలో ఇట్లాంటి కంపెనీలు నా ఎరుకలో లేవు, బెంగళూరో చెన్నైయో హైదరాబాదో పోవాలి, లేదంటే నాలాగా ఇంటి నుంచి చేసే పని దొరకాలి. అన్నిటికన్నా పెద్దది ఇంగ్లీషు. తప్పు కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని డెవలపర్‌కు అర్థమయ్యేలా నాలుగు వాక్యాల్లో ఇంగ్లీషులో రాయడం ఇంకో ఎత్తు. తెలుగు మీడియంలో చదివిన మన పిల్లలు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతున్నారు. "నాకు పని చేయలేదు" అని రాస్తే చాలదు, వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ కొంతైనా తెలిసి ఏ గడికి ఏ పేరు లేదో చెప్పగలిగితేనే నాలుగు కాలాలు నిలుస్తారు. లేకపోతే వాళ్లకు ఒక చూపులేని మనిషి కావాలి కాబట్టి పిలుస్తారు, అవసరం తీరాక పంపేస్తారు.

స్క్రీన్ రీడర్లలో జాసా, ఎన్‌వీడీఏనా అని కూడా అడుగుతుంటారు. ఎన్‌వీడీఏ. 2006లో మైఖేల్ కరన్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు, ఆయనకూ చూపు లేదు, అందరికీ ఉచితంగా ఉండాలని మొదలుపెట్టాడు. జాస్ మంచిదే, 1989 నుంచి ఉంది, కానీ ఖరీదు మన ఇళ్లలో భరించలేనిది. టెస్టింగ్‌లో దిగాక రెండూ వాడాల్సి వస్తుంది, జాస్‌ని లైసెన్సు లేకుండా 40 నిమిషాల చొప్పున నడుపుకోవచ్చు, నేర్చుకోవడానికి అది చాలు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ బాగా వచ్చు కదా కంప్యూటర్ ఎందుకు అనేవాళ్లకు మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఫోన్ ఒక్కటే నమ్ముకుంటే ఈ రెండు ఉద్యోగాల్లో ఏదీ నిలబడదు.

టీచర్ పోస్టు మూడోది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి, మన కోటాలో చేరినవాళ్లు నాకు తెలిసీ ఉన్నారు. పిల్లలతో మాట్లాడటం ఇష్టమైతే నిస్సందేహంగా వెళ్లండి, పాఠం చెప్పడానికి ఏ సాఫ్ట్‌వేర్ అనుమతీ అక్కర్లేదు. అయితే ఏ ప్రభుత్వ కొలువైనా తెలుగు టైపింగ్ రాకుండా పోవద్దు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతి నేర్చుకోండి, ఎడమ చేతికి అచ్చులూ గుణింతాలూ, కుడి చేతికి ఎక్కువగా హల్లులు, వేళ్లకు త్వరగా అలవాటవుతుంది. అమ్మ అని కొట్టాలంటే షిఫ్ట్ డి, సి, డి, సి, అంతే. ఇంకో సంగతి, మన ఊళ్లలో డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొట్టిన ఫైలు చూసేవాళ్లకు చక్కటి తెలుగు, స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల కుప్ప. అట్లాంటి ఫైలు ఇస్తే యూనికోడ్‌లో ఇవ్వమని అడగడానికి సిగ్గుపడకండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే గూగుల్ డ్రైవ్‌లో వేసి డాక్స్‌తో తెరిస్తే తెలుగు చాలావరకు బయటికి వస్తుంది, తప్పులు ఉంటాయి, చూసుకోవాలి.

టెలిఫోన్ ఆపరేటర్ పోస్టులు తగ్గిపోయాయి, దానికోసం కోచింగ్ వద్దు. కాల్ సెంటర్ మొదటి ఏడాది చేతి ఖర్చుకు, ఇంగ్లీషు మాట్లాడటానికి పనికొస్తుంది. ప్రోగ్రామింగ్ ఇష్టమున్నవాళ్లకు కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ స్క్రీన్ రీడర్‌తో బాగా నడుస్తుంది, పైథాన్ భాషలో ఇండెంటేషన్, అంటే వరస మొదట్లో వదిలే ఖాళీ, ఎంతుందో ఎన్‌వీడీఏ చెప్తుంది కూడా. ఎన్‌వీడీఏనే ఎక్కువ భాగం పైథాన్‌లో రాశారు.

నన్ను అడిగితే, ఇంట్లో సంపాదన లేకపోతే, చెల్లెలి పెళ్లో అప్పో ఉంటే ముందు బ్యాంకు. నాకు కూడా ఆరేళ్ల బ్యాంకు జీతం లేకపోతే ఈ ధైర్యం వచ్చేది కాదు. ఇంట్లో తిండికి లోటు లేక, ఇంగ్లీషు మీద ఏడాది కూర్చోగలిగితే టెస్టింగ్‌కు రండి, నా మనసు దీనివైపే ఉంది, దాచను.

పుత్తూరు నుంచి ఫోన్ చేసిన ఒకమ్మాయి బ్యాంకు క్లర్కు పరీక్ష రాసి రిజల్ట్స్ కోసం ఎదురుచూస్తోంది. ఈలోగా రోజుకు ఒక వెబ్‌సైట్ తెరిచి, మౌస్ లేకుండా ఒక ఫారమ్ నింపి, ఆగిపోయిన చోటల్లా రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాసి పంపమన్నాను. మొదట మన బస్సు టికెట్ల సైటుతో మొదలుపెట్టింది. నిన్న వచ్చిన మెయిల్‌లో పదకొండు తప్పులు రాసింది, నాలుగు నేను కూడా గమనించనివి. రిజల్ట్స్ వచ్చి బ్యాంకులో చేరినా ఆ పని ఆపనని చెప్పింది, బ్రాంచి కంప్యూటర్‌లో ఏయే బటన్లకు పేర్లు లేవో మొదటి వారమే రాసిస్తుందట.