బారసాల కానుక: చీరల బొంతా, ఊలు స్వెటరా?

బారసాలకు చేత్తో చేసిందే ఇవ్వాలనుకుంటే నా ఓటు బొంతకే. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరలు మూడు నాలుగు పొరలుగా పరిచి, అంచు నుంచి లోపలికి వరుసగా కుట్టుకుంటూ రావాలి. తడి పీల్చుకుంటుంది, ఎన్ని ఉతుకులు పడితే అంత మెత్తనవుతుంది. కొత్త గుడ్డకు ఆ మెత్తదనం రాదు. పైగా ఈ చీర ఏ పండక్కి కొన్నారో, ఎవరి పెళ్లికి కట్టారో చెప్పుకుంటూ కుట్టడం ఉంది చూడండి, అది ఏ దుకాణంలోనూ దొరకదు. పొరలు ఎక్కువైతే మాత్రం సూది దిగదు, వేళ్లు నొప్పెడతాయి. అందుకే కాస్త ముందే మొదలుపెట్టాలి.

స్వెటర్, టోపీ ముచ్చటగా ఉంటాయి, నిజమే. కానీ బజార్లో ఊలు పేరుతో దొరికేది చాలావరకు యాక్రిలిక్ అనే కృత్రిమ దారం, చెమట పీల్చదు. విజయవాడ ఎండల్లో బిడ్డకు అది ఉక్కపోతే. నాలుగు నెలలకే బిగుతైపోతుంది కూడా. ఆదిలాబాద్, అరకు చలికి, అమెరికాలో పుట్టిన మనవడికి అయితే స్వెటరే సరి. ఊలు వద్దనుకుంటే నరసాపురం వైపు లేసు అల్లినట్టు నూలుదారంతో క్రోషా టోపీ అల్లొచ్చు.

ఆసుపత్రిలో పిల్లలకు దానంగా ఇవ్వడానికైతే నా లెక్క మారుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఒంటి వేడి నిలవదు, వాళ్లకు చిన్న టోపీ ఎంతో అవసరం. పాత చీరల బొంతను ఆసుపత్రి వాళ్లు తీసుకోకపోవచ్చు. సైజు, దారం సంగతి ముందు నర్సమ్మను అడిగి అల్లండి.