ఆరున్నర వేల మ్యాప్ కార్డు, కొటియా కొండదారి

విశాఖపట్నంలో జీపీఎస్ పరికరాలు అమ్మే ఒక దుకాణంలో 6,500 రూపాయలు పోసి నేను కొన్న మ్యాప్ కార్డు గురించి మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎత్తరు, మా బావమరిది తప్ప. అతను మాత్రం భోజనానికి కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒక వంకతో ఆ మాట తెస్తాడు. అతని నోరు మూయించడం నా వల్ల కాదు కనుక, జరిగినదంతా నేనే రాసేయడం మేలనిపించింది.

రాయగడలో ఉండే మాకు కొండదారులు కొత్త కాదు. జనవరి చివరి వారంలో నేను, బావమరిది, మా అక్క కొడుకు కలిసి మా పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో దేవమాలి శిఖరం చూసి, పొట్టంగి మీదుగా కొటియా గ్రామాలకు వెళ్లి, అక్కడి నుంచి సుంకి ఘాటు రోడ్డు ఎక్కకుండా మట్టిదారుల్లోనే సాలూరు వైపు దిగాలని అనుకున్నాము. ఆ లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదని తెలుసు కనుక, చేతిలో పట్టే జీపీఎస్ పరికరం ఒకటి 27,900 రూపాయలకు కొన్నాను. దానిలో పుట్టుకతో ఉన్న పటంలో జాతీయ రహదారులు తప్ప మరేమీ కనిపించవు. అది చూపించగానే దుకాణదారు అద్దాల బల్ల కింది నుంచి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మెమరీ కార్డు తీసి, ఇది అసలైన కంపెనీ పటమని, అడవిలో కాలిబాటను కూడా వదలదని చెప్పాడు. బిల్లులో మాత్రం దాన్ని ‘యాక్సెసరీ’ అని రాశాడు. నేను అక్కడే అనుమానించవలసింది.

అతను అంతటితో ఆగక, ఉపగ్రహం ద్వారా నేరుగా మెసేజ్ పంపే మరో పరికరాన్ని కూడా పొగడటం మొదలుపెట్టాడు. అటువంటివి మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. విదేశాల నుంచి వచ్చిన యాత్రికులు వీటితో విమానాశ్రయాల్లో పట్టుబడిన సందర్భాలున్నాయి. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాన్ని అందుకుని మనమెక్కడున్నామో లెక్కకట్టే మామూలు జీపీఎస్‌తో ఆ చిక్కు లేదు, ఎందుకంటే అది వింటుందే తప్ప ఏమీ పంపదు. ఈ తేడా తెలిసిన మనిషే దుకాణం నడుపుతాడని ఆశించడం నా తప్పు కాబోలు.

రాయగడ నుంచి లక్ష్మీపూర్, కోరాపుట్ మీదుగా సెమిలిగుడ వరకు ప్రయాణం హాయిగా సాగింది. సెమిలిగుడలో దిగిన లాడ్జి గది అద్దె 1,400 రూపాయలు, వైఫైకి విడిగా మరో 100. మా మేనల్లుడు సిమ్ లేని తన పాత ఫోన్‌లో ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మ్‌అండ్ అనే రెండు యాప్‌లు వేసుకొచ్చాడు. రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటం సమాచారంతో నడిచేవే. పటాన్ని రాష్ట్రాలవారీగా ముందే దించుకుంటే, నెట్‌వర్క్ లేకపోయినా పనిచేస్తాయి. వాడు ఒడిశా పటం దించుకుని ఆంధ్రప్రదేశ్ పటం మొదలుపెట్టేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. సరిగ్గా అప్పుడే లాడ్జి మేనేజరు రూటరు ఉన్న గదికి తాళం వేసి ఇంటికి వెళ్లిపోయాడు. నా ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇద్దామంటే, ఆ రోజు డేటా మొత్తం బావమరిది క్రికెట్ చూడటంతో హరించుకుపోయింది. ‘ఒడిశాలోనే కదా మావయ్యా తిరిగేది, చాల్లే’ అన్నాడు మేనల్లుడు. నేనూ సరేనన్నాను. పొద్దున వంద రూపాయలు వెనక్కి అడిగితే, వైఫై తొమ్మిదింటి వరకేనని బోర్డు మీద ఉందని మేనేజరు చూపించాడు. నిజమే, ఉంది. అది చదవాలంటే స్టూలు ఎక్కాలి.

మరునాడు బయలుదేరేటప్పుడే మరో అరగంట పోయింది. దేవమాలి ఎక్కడుందో బావమరిది స్నేహితుడొకడు కాగితం మీద ‘18 40, 82 59’ అని రాసి ఇచ్చాడు. మేనల్లుడు దాన్ని 18.40, 82.59 అని కొట్టగానే పరికరం బాణం గుర్తు దేవమాలి వైపు కాక మచ్‌కుండ్ దిక్కుకు తిరిగింది. కాగితం మీద ఉన్నవి డిగ్రీలు, నిమిషాలు. పరికరం అడుగుతున్నది దశాంశాలు. డిగ్రీకి 60 నిమిషాలు కనుక 40 నిమిషాలంటే 0.67, అంటే కొట్టవలసింది 18.67. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి ఉత్తర దక్షిణాల్లోనే 30 కిలోమీటర్ల తేడా వచ్చింది, రేఖాంశంలో తప్పు దానికి అదనం. ఎవరైనా స్థానం రాసి ఇస్తే అది ఏ పద్ధతిలో ఉందో అడగకుండా బండి తాళం తిప్పకండి.

1,672 మీటర్ల దేవమాలి శిఖరం దాకా ఇప్పుడు రోడ్డుంది, జీపీఎస్‌తో పని లేదు. పొట్టంగి దాటాక అసలు పరీక్ష మొదలైంది.

కొటియా పంచాయతీలోని 21 గ్రామాల మీద ఒడిశాకు, ఆంధ్రకు ఉన్న వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకు చేరింది. పోటీ పడి ఇద్దరూ రోడ్లు వేస్తున్నారు, ఇద్దరూ బోర్డులు పెడుతున్నారు. ఇటువంటి చోట పటం ఎంత తాజాగా ఉందన్నదే ముఖ్యం. మా మేనల్లుడి ఫోన్‌లో ఉన్న మట్టిదారులు, వాటి మీద సన్నటి ఎత్తు రేఖలతో సహా, చక్రాల కింద ఉన్నవాటితో మలుపు మలుపుకూ సరిపోయాయి. నా 6,500 రూపాయల కార్డు మాత్రం అదే దారిలో మమ్మల్ని ఖాళీ పసుపుపచ్చ మైదానం మధ్యలో ఒంటరి త్రిభుజంగా చూపిస్తూ, వెనక్కి తిరిగి సుంకి రోడ్డు ఎక్కమని గంటలో నాలుగుసార్లు చెప్పింది. బావమరిది ప్రతిసారీ దానికి వినయంగా ‘అలాగేనండీ’ అని జవాబిచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికి సరిహద్దు దాటాము. అక్కడ రాయి గానీ గేటు గానీ లేదు, ఫోన్ తెర మీద మాత్రం ఉంది. ఒక గీత వరకు వాగులు, బాటలు, ఊళ్ల పేర్లు నిండుగా ఉండి, గీత అవతల తెర మొత్తం బోసిగా మారింది. మేము నడుస్తున్న బాట కూడా చాకుతో కోసినట్టు అక్కడే తెగిపోయింది. ఆంధ్రప్రదేశ్ పటం సెమిలిగుడలో తాళం వేసిన గదిలో ఉండిపోయింది. రెండు దారులు చీలిన చోట వెడల్పుగా ఉందని ఎడమ దారి పట్టాము. కొంతదూరం పోయాక అది వాగులో దిగింది. అవతల గట్టు వానకు కోసుకుపోయి, మనిషి ఎత్తున నిటారుగా నిలిచి ఉంది. ఎద్దుబండి కూడా ఎక్కదు. వెనక్కి తిప్పడానికి చోటు లేక, రాళ్లు పేర్చుకుంటూ రివర్సులో వచ్చేసరికి వెలుగు తగ్గింది. మేనల్లుడు మాట్లాడటం మానేశాడు. నేను లాడ్జి మేనేజరును తిట్టాను, బావమరిది నన్ను తిట్టాడు.

అప్పుడు ఆదుకున్నది, చెప్పుకోవడానికి కష్టంగా ఉన్నా, ఆ 27,900 రూపాయల పరికరమే. పటం లేకపోయినా అది ఉదయం నుంచి మేము వచ్చిన దారిని చుక్కలు చుక్కలుగా రాసుకుంటూనే ఉంది. చీకట్లో ఆ చుక్కల వెంట పొట్టంగి చేరుకున్నాము. ఫోన్ అయితే అప్పటికి 9 శాతం చార్జింగ్‌లో ఉంది. మధ్యాహ్నం ఎండకు అద్దం దగ్గర స్టాండులో కాలిపోయి ఒకసారి దానంతటదే ఆగిపోయింది కూడా. పరికరం రెండు పెన్సిల్ బ్యాటరీలతో రోజంతా నడిచింది, దాని తెర ఎండ పడేకొద్దీ స్పష్టంగా కనిపించింది, వాగు నీళ్లు చిందినా ఏమీ కాలేదు. దారి వెతకడానికి ఫోన్, దారి రాసుకోవడానికి పరికరం అని ఆ రాత్రే పని పంచేశాను. 650 రూపాయల ఫోన్ స్టాండును అద్దం దగ్గర నుంచి తీసి, ఏసీ గాలి వచ్చే చోట బిగించాము. మా జీపులో ఏసీ లేదు గానీ, అక్కడ ఎండ పడదు.

మరునాడు పొట్టంగిలో సిగ్నల్ దొరికాక ఆంధ్రప్రదేశ్ పటం దించుకుని, అదే చీలిక దగ్గర కుడి దారి పట్టి, మధ్యాహ్న భోజనానికి సాలూరు చేరాము. మొత్తం డీజిల్ ఖర్చు 5,400 రూపాయలు.

అసలు సంగతి ఇంటికి వచ్చాక బయటపడింది. మేనల్లుడు ఆ కార్డును కంప్యూటర్‌లో పెట్టి చూస్తే, లోపల ఉన్నది ఏ కంపెనీ పటమూ కాదు. 2004లో బ్రిటన్‌లో మొదలై, ప్రపంచమంతటా స్వచ్ఛంద కార్యకర్తలు గీస్తూ వస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫైలే, రెండేళ్ల పాతది. ఫోన్‌లో ఉచితంగా దిగిన పటమూ అదే, కాకపోతే ఈ నెలది. ఈ పటాన్ని డబ్బుకు అమ్మడం తప్పేమీ కాదు, దాని లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. కానీ ఎవరిదో చెప్పాలని కూడా అదే లైసెన్సు అంటుంది. కంపెనీ పటమని చెప్పి అమ్మడానికి ఒప్పుకోదు. నా పరికరానికి సరిపోయే రూపంలో తాజా ఫైలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. పాతది తుడిచేసి కొత్తది ఎక్కించడానికి మేనల్లుడికి నలభై నిమిషాలు పట్టింది.

దుకాణానికి ఫోన్ చేస్తే, సీలు తీసిన కార్డును వాపసు తీసుకోలేమన్నాడు. ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాకు సీలే లేదని గుర్తుచేస్తే, ‘అయితే మీరు ఇక్కడ కొన్నట్టు ఆధారం ఏముందండీ, బిల్లులో మ్యాప్ అని లేదు కదా’ అన్నాడు.

మేము నడిచిన దారి నమోదును మేనల్లుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించి, గట్టు కోసుకుపోయిన ఎడమ దారిని బండ్లు వెళ్లని బాటగా మార్చాడు. అది చూసి బావమరిది, ‘బావా, ఇంకో రెండేళ్లకు ఇది కూడా ఆ కార్డులో వస్తుంది, ఆరున్నర వేలకే’ అన్నాడు.