కేబుల్ తోలు తీసే హుక్ కత్తి: ఆరేళ్లు వాడాక

బోరు మోటార్లు, ప్యానెల్ బోర్డుల పని నాది. ఆరేళ్ల కిందటి వరకు కేబుల్ పై తోలు తీయాలంటే పేపర్ కట్టరే, అది లేకపోతే హాక్సా బ్లేడు ముక్కకి సాన పట్టి చేసుకున్న కత్తి. ఒకసారి 300 అడుగుల లోతున దించిన మోటారు రెండో రోజే ఎర్త్ చూపించింది, అంటే కరెంటు బయటికి లీకవుతోంది. 20 అడుగుల పైపులు పదిహేనూ లాగి చూస్తే, జాయింటు టేపు అంచున నీలం కోర్ (తోలు లోపలి వైరు) మీద వెంట్రుకంత గాటు. తోలు చీల్చేటప్పుడు నా బ్లేడు తగిలింది. ఆ రైతు నాట్లు మూడు రోజులు ఆగిపోయాయి. ఆ వారమే ఈ కత్తి కొన్నాను. ఒక రోజు కూలీ కన్నా ఎక్కువే పడింది.

నాది 8 నుంచి 28 మిల్లీమీటర్ల లావు గుండ్రటి కేబుళ్లకి. హుక్కులో కేబుల్ పెట్టి బొటనవేలితో నొక్కి చుట్టూ ఒక తిప్పు తిప్పితే గాటు పడుతుంది. అక్కడి నుంచి కేబుల్ చివరికి లాగితే బ్లేడు దానంతటదే నిలువుకి తిరిగి తోలును పొడవునా చీలుస్తుంది. బ్లేడు ఎంత లోతు దిగాలో పిడి అడుగున ఉన్న స్క్రూ చెబుతుంది.

అసలు పనితనమంతా ఆ స్క్రూలోనే ఉంది. తోలు మందమంతా తెగేలా పెట్టొద్దు. చివరి పొర మిగలాలి. గాటు దగ్గర కేబుల్‌ని అటూ ఇటూ వంచండి. గాటు నోరు తెరుస్తుంది, అడుగున పొర తెల్లబారి చిట్లుతుంది. బ్లేడు కోర్‌ని ముట్టకుండానే తోలు ఊడి వస్తుంది. ఏ కొత్త కేబుల్ అయినా ముందు తుక్కు ముక్క మీద స్క్రూ సరిచూసుకుంటాను. ఎండాకాలం మధ్యాహ్నం పీవీసీ తోలు మెత్తబడి, అదే స్క్రూకి బ్లేడు ఇంకాస్త లోపలికి పోతుంది. చలికాలం పొద్దున గట్టిగా ఉండి సరిగా తెగదు.

ఆర్మర్డ్ కేబుల్‌లో పై తోలుకి భయం లేదు, కింద రక్షణగా జీఐ (జింకు పూత ఇనుము) తీగ ఉంటుంది. ఆ తీగని మాత్రం హాక్సాతో సగం వరకే కోసి, వంచి విరగ్గొట్టాలి. పూర్తిగా కోస్తే లోపలి తోలు, దాని కింద కోర్ పోతాయి. లోపలి తోలుకి మళ్లీ స్క్రూ సరిచేసుకుని, తుక్కు ముక్క మీద చూసుకుని మొదలుపెట్టాలి.

చప్పటి సబ్‌మెర్సిబుల్ కేబుల్‌కి మాత్రం ఇది పనికిరాదు. హుక్కు గుండ్రటి దానికే కూర్చుంటుంది. కొన్నాకే తెలిసింది, బాధేసింది కూడా. కానీ సగం కోసి వంచే పద్ధతి చేతికి వచ్చేసింది. ఇప్పుడు చప్పటి దానికి మామూలు కత్తితోనే, రెండు కోర్ల మధ్య తోలు మందంగా ఉండే చోట పైపైన గీటు పెట్టి, ప్లయర్‌తో పట్టి చీలుస్తాను.

ఇంకో ఇబ్బంది, సంచిలో కుదుపులకి స్క్రూ జరుగుతుంది. పని మొదలుపెట్టే ముందు చూసుకోక తప్పదు. బ్లేడు మొద్దుబారితే తోలుని కోయకుండా ఈడుస్తుంది, అప్పుడు చేయి గట్టిగా నొక్కుతుంది, గాట్లన్నీ అప్పుడే పడతాయి. ఆరేళ్లలో నాలుగు బ్లేడులు మార్చాను.

తోలు తీశాక ప్రతి కోర్ మీదా గోరు నడిపిస్తాను. ఎక్కడైనా గోరు పట్టిందంటే అక్కడికి కోసేసి మళ్లీ మొదటి నుంచి తీస్తాను. జాయింటు కట్టాక బకెట్ నీళ్లలో ముంచి 500 వోల్టుల మెగ్గర్ (లీకేజీ ఉందేమో చూసే మీటరు) పెట్టి చూశాకే మోటారు బోరులోకి దిగుతుంది.