పాత భూమి కాగితాల స్కాన్‌కు ఏ ఫార్మాట్? చాలా ఏళ్ల వాడకం తర్వాత నా మాట

మా ఇంట్లో, చుట్టాల ఇళ్లల్లో ఉన్న పాత భూమి కాగితాలను స్కాన్ చేసి భద్రపరిచే పని చాలా ఏళ్లుగా నేనే చూసుకుంటున్నాను. 2020 ఆగస్టు వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్లొచ్చిన తర్వాత కాగితాలు తెచ్చిచ్చేవాళ్లు ఇంకా పెరిగారు. ఉర్దూలో ఉన్న సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు) నకళ్లు, 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన రికార్డు) నకళ్లు, తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాలు (రిజిస్ట్రేషన్ లేని అమ్మకం కాగితాలు), స్టాంపు పేపర్లు, పాత పాస్‌బుక్కులు, ఇలా అన్నీ ఉంటాయి. వీటికి టిఫ్, జేపెగ్, పీఎన్‌జీ, పీడీఎఫ్ అన్నీ వాడి చూశాను. నా తీర్పు ముందే చెప్తాను. దాచుకోవడానికి కలర్ టిఫ్, పంపడానికి దాంట్లోంచి తీసిన పీడీఎఫ్/ఏ (ఎన్నేళ్లకైనా తెరుచుకునేలా చేసిన పీడీఎఫ్ రకం). ఫోన్‌తో తీసిన జేపెగ్ ఒక్కటే ఉంచుకుని నిశ్చింతగా ఉండొద్దు.

ఇంత పట్టుబట్టడానికి కారణం మన కాగితాల్లోని రాత. మన దగ్గర సర్వే నంబరు పక్కన బై అ, బై ఆ, బై ఇ అని ఉంటుంది. 142/అ అన్నయ్యది, 142/ఆ తమ్ముడిది కావచ్చు. ఆ రెండు అక్షరాలకూ తేడా చివరనున్న చిన్న వంపే. ఉర్దూ అంకెల్లో రెండుకూ మూడుకూ మధ్య తేడా పైన ఒక చిన్న వంకర. సున్నా అయితే ఉత్త చుక్క. ఆ వంపు, ఆ చుక్క నిలబడతాయా లేదా అన్నదే నేను ఏ ఫార్మాట్‌లోనైనా మొదట చూసేది. ఫైలు సైజు సంగతి ఆ తర్వాతే.

టిఫ్ ఈ పరీక్షలో ఎప్పుడూ నెగ్గింది. 1986లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చిన ఫార్మాట్ ఇది. తర్వాత అడోబీ చేతికి వెళ్లింది. 1992 నాటి 6.0 వెర్షనే ఇప్పటికీ నడుస్తోంది. అంత పాతది ఇంకా కంప్యూటర్లలోని చాలా బొమ్మల సాఫ్ట్‌వేర్లలో తెరుచుకుంటోందంటే నాకు అదే ధైర్యం. ఎల్‌జడ్‌డబ్ల్యూ కంప్రెషన్ (వివరం పోకుండా ఫైలును చిన్నది చేసే పద్ధతి) పెట్టినా ఒక్క చుక్క కూడా పోదు, ఎన్ని పేజీలైనా ఒకే ఫైల్లో పెట్టుకోవచ్చు. ఇబ్బందల్లా బరువు. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే 2480 అడ్డం, 3508 నిలువు చుక్కలు వస్తాయి. కలర్‌లో అది కంప్రెషన్ లేకుండా ఒక్క పేజీకి దాదాపు 26 ఎంబీ. 600 డీపీఐకి పోతే దానికి నాలుగింతలు. కాగితం మాసిపోయి మరకలు పడి ఉంటే కంప్రెషన్‌తో కూడా పెద్దగా తగ్గదు, ఆ మరకలను కూడా ఉన్నదున్నట్టు దాచాలి కదా. పైగా చాలా ఫోన్లలో నేరుగా తెరుచుకోదు. అయినా హార్డ్ డిస్క్ కొనుక్కోవచ్చు, చిరిగిపోయిన పహాణీని కొనుక్కోలేం.

పీఎన్‌జీ కూడా ఏమీ పోగొట్టదు, చాలాసార్లు టిఫ్ కంటే కాస్త చిన్నదిగానే వస్తుంది. కానీ ఒక్కో ఫైల్లో ఒక్క పేజీయే. ఒంటి కాగితం సాదాబైనామాకు బాగుంటుంది, పాస్‌బుక్కుకు తలనొప్పి.

జేపెగ్ ఫొటోల కోసం పుట్టింది. బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో కంటికి అంతగా ఆనని వివరాన్ని వదిలేస్తుంది. పెళ్లి ఫొటోలో అది తెలియదు. తెల్లకాగితం మీద సన్నని సిరా గీత ఉన్నచోట మాత్రం అక్షరం చుట్టూ బూడిదరంగు మసక కమ్ముకుంటుంది. రంగుల వివరాన్ని సాధారణంగా ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది కాబట్టి ఊదారంగు ముద్రలు, ఎర్రసిరా గీతలు అలుక్కుపోతాయి. ఎడిట్ చేసి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. క్వాలిటీ 90 పైన పెట్టి ఒక్కసారి సేవ్ చేసి ఊరుకుంటే చదువుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

అసలు భయపడాల్సింది బ్లాక్ అండ్ వైట్ స్కాన్‌కు. స్కాన్ సెంటర్లలో ఎక్కువగా చేసిచ్చేది ఇదే, ఫైలు చిన్నగా వస్తుందని. గ్రూప్-4 అనే ఫ్యాక్స్ కాలపు కంప్రెషన్‌తో టైపు చేసిన పేజీ కొన్ని పదుల కేబీల్లో ఇమిడిపోతుంది. ఆ కంప్రెషన్‌లో తప్పేమీ లేదు. నష్టం అంతకు ముందే, ప్రతి చుక్కనూ నలుపో తెలుపో తేల్చేటప్పుడు జరిగిపోతుంది. సంతకం మీద పడ్డ ముద్ర, కింది సంతకం కలిసి నల్లటి ముద్ద అవుతాయి. పట్వారీ పెన్సిల్‌తో రాసిన మాట మాయమవుతుంది. దానికితోడు మచ్చలు తుడిచే డీస్పెకిల్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఉర్దూ సున్నాను కూడా దుమ్ము కింద తుడిచేసే ప్రమాదముంది. ఉర్దూ కాగితాలకు ఆ సెట్టింగ్ తప్పకుండా ఆపించండి.

జేబిగ్2 అనే కంప్రెషన్ ఇంకో అడుగు ముందుకెళ్తుంది. పేజీలో ఒకేలా కనిపించే అక్షరాలను గుర్తుపట్టి, ఒకదాని బొమ్మనే అన్నిచోట్లా అతికిస్తుంది. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే ఆయన జిరాక్స్ కంపెనీ మెషీన్లో ఒక ఇంటి ప్లాన్ స్కాన్ చేస్తే, 21.11 అని ఉన్న గది విస్తీర్ణం స్కాన్‌లో 14.13గా వచ్చింది. అంకె మసకబారలేదు, చక్కగా ముద్రించినట్టే ఉంది, కాకపోతే వేరే అంకె. ఎకరాలు, గుంటలు రాసిన పట్టికలో ఇలా జరిగితే ఎవరు పట్టుకుంటారు? మసకగా ఉంటే అనుమానమైనా వస్తుంది. అందుకే ‘హై కంప్రెషన్’, ‘కాంపాక్ట్ పీడీఎఫ్’ లాంటి పేర్లున్న సెట్టింగులను భూమి కాగితాలకు నేను ముట్టుకోను.

పీడీఎఫ్ గురించి చాలామంది పొరబడేది ఇక్కడే. పీడీఎఫ్ ఒక డబ్బా లాంటిది. లోపల జేపెగ్ ఉండొచ్చు, గ్రూప్-4 ఉండొచ్చు, జేబిగ్2 కూడా ఉండొచ్చు. ‘పీడీఎఫ్ చేసిచ్చాం’ అంటే లోపల ఏముందో అడగాలి. 2005లో అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చిన పీడీఎఫ్/ఏ రకానికి పాస్‌వర్డ్ ఉండకూడదు, ఫాంట్లు ఫైల్లోనే ఉండాలి, బయటి దేనిమీదా ఆధారపడకూడదు. ఎన్నేళ్ల తర్వాతైనా తెరుచుకోవాలన్నదే దాని ఉద్దేశం. కానీ లోపలి బొమ్మ బాగుంటుందని అది హామీ ఇవ్వదు. టిఫ్ నుంచి తీస్తే పీడీఎఫ్/ఏ బంగారం, పాడైన జేపెగ్ నుంచి తీస్తే ఆ పాడైనదే శాశ్వతమవుతుంది. అచ్చు తెలుగు కాగితాలకు, బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో కనపడని అక్షరాల పొర కూడా జోడించి పెట్టుకుంటాను, ఊరి పేరు కొడితే వెతికిపెడుతుంది. చేతిరాతకు అది పనిచేయదు.

ఐఫోన్ వాళ్లు పంపే హీక్ (HEIC అనే ఫొటో ఫార్మాట్) ఫొటోలు చాలా సెంటర్ల కంప్యూటర్లలో తెరుచుకోవు, మార్చి పంపమనండి. ఫోన్ స్కానింగ్ యాప్ ఏది వాడినా ఫైళ్లను యాప్‌లోనే వదిలేయకుండా బయటకు తీసి పెట్టుకోండి. 2020 జూన్‌లో కామ్‌స్కానర్ యాప్‌ను మన దేశంలో నిషేధించిన సంగతి గుర్తుండే ఉంటుంది.

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అది మళ్లీ కుదించేస్తుంది. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో సైజు లిమిట్ దగ్గర అందరికీ టెన్షనే. నేను ముందు అంచులు కత్తిరిస్తాను, తర్వాత ముద్రలు లేని పేజీలను గ్రేస్కేల్ (రంగు తీసేసి బూడిద ఛాయలు మాత్రం ఉంచడం) చేస్తాను, అప్పుడు 200 డీపీఐకి దించుతాను. జేపెగ్ క్వాలిటీ తగ్గించడం చిట్టచివరి మాట. సర్వే నంబర్ల పట్టిక ఉన్న పేజీకి అది కూడా చేయను, ఫైలును రెండుగా విడగొట్టి అప్‌లోడ్ చేస్తాను.