టోపీ మీద అక్షరం లేని కార్డులు: పన్నెండేళ్ళ సేకరణ తరువాత ఒక సమీక్ష

న్యూజెర్సీలో మా అబ్బాయితో కలిసి పన్నెండేళ్ళుగా ఆటగాళ్ళ ఫొటోలుండే బేస్‌బాల్ కార్డులు సేకరిస్తున్నాను. పేజీకి తొమ్మిది జేబులుండే ఆల్బమ్‌లు ఆరు నిండాయి. నాలుగింటిలో టాప్స్ అనే సంస్థ కార్డులు, రెండింటిలో పనీని అనే సంస్థ కార్డులు ఉన్నాయి. ఇన్నేళ్ళుగా వాటిని పక్కపక్కన పెట్టి చూసిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఏ ఫొటో ఎంచుకోవాలి, దాన్ని ఎక్కడ కత్తిరించాలి, పేరు ఏ మూల రాయాలి అన్నవన్నీ జట్టు లోగో వాడుకునే హక్కు ఉందా లేదా అన్నదాన్ని బట్టే నిర్ణయమవుతాయి.

ఈ రంగంలో అనుమతులు రెండు. ఆటగాడి పేరు, రూపం వాడుకోవడానికి ఆటగాళ్ళ సంఘం లైసెన్సు ఇస్తుంది. జట్టు పేరు, లోగో, యూనిఫాం వాడుకోవడానికి మేజర్ లీగ్ బేస్‌బాల్ లైసెన్సు కావాలి. 2010 నుంచి ఈ రెండవది టాప్స్ ఒక్కదానికే దక్కింది. ఆ ఏడాది అప్పర్ డెక్ అనే మరో కార్డుల సంస్థ, ఆటగాళ్ళ సంఘం అనుమతి మాత్రమే ఉండగా లోగోలు కనిపించే కార్డులు విడుదల చేయడంతో లీగ్ ఫిబ్రవరిలో దావా వేసింది. మార్చిలో రాజీ కుదిరింది. 2011లో ఆటగాళ్ళ సంఘం లైసెన్సు పొందిన పనీని, లోగోలు చెరిపేసిన ఫొటోలతోనే బేస్‌బాల్ కార్డులు తెచ్చింది.

జపాన్ ఆటగాడు షోహే ఓతానీ ఏంజెల్స్ జట్టులో ఆడిన తొలి సీజన్ అయిన 2018 నాటి కార్డులు రెండు సంస్థలవీ మా దగ్గర ఉన్నాయి. టాప్స్ కార్డులో ఎర్ర టోపీ మీద ‘ఎ’ అక్షరం, దాని కొసన వెండి వలయం చూడగానే కనిపిస్తాయి. పనీని కార్డును దీపం కింద పట్టుకుని చూస్తే, అక్షరం ఉండవలసిన చోట నున్నటి ఎర్ర మచ్చ కనిపిస్తుంది. ఛాతీ మీద జట్టు పేరు చెరిపిన మేర బట్ట ముడతలు ఉన్నట్టుండి ఆగిపోయి, కొంచెం అవతల మళ్ళీ మొదలవుతాయి. గుండీల వరుస మాత్రం చెక్కుచెదరలేదు. ఆ ముడతలను ఒకసారి గమనించాక, నా కన్ను ఆటగాడి ముఖం దాకా వెళ్ళడం కష్టమైంది.

అందుకేనేమో, చెరిపే పని తగ్గే ఫొటోలకే పనీని కార్డుల్లో ప్రాధాన్యం ఉన్నట్టు తోస్తుంది. బంతి విసిరే పిచ్చర్ చేయి ఛాతీకి అడ్డంగా వచ్చిన క్షణం, బ్యాటర్ పక్కకు తిరిగి బంతి వెళ్ళిన దిక్కుగా చూస్తున్న క్షణం, భుజాల పై వరకే కత్తిరించిన ముఖం మా పేజీల్లో పదే పదే వస్తాయి. విడిగా చూస్తే వాటిలో మంచి ఫొటోలు చాలానే ఉన్నాయి. తొమ్మిదింటిని ఒకే పేజీలో చూసినప్పుడే అందరూ మనకు ముఖం చాటేసినట్టు అనిపిస్తుంది.

జట్టు పేరుకు బదులు నగరం పేరు వేయడం మరో చిక్కు. ఏంజెల్స్ ఆటగాడైనా, డాడ్జర్స్ ఆటగాడైనా కార్డు మీద లాస్ ఏంజెలెస్ అనే ఉంటుంది. యాంకీస్‌కూ మెట్స్‌కూ న్యూయార్కే. ఒకసారి ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర డాడ్జర్స్ కార్డులని తెప్పించిన కట్టలో దాదాపు సగం ఏంజెల్స్ ఆటగాళ్ళవే వచ్చాయి. ఏంజెల్స్ ఎరుపు, డాడ్జర్స్ నీలం రంగులను బట్టి మేము వేరుచేయగలిగాము గాని, ఆటకు కొత్తవారికి అది సాధ్యం కాదు. 2023 డిసెంబరులో ఓతానీ ఏంజెల్స్ నుంచి డాడ్జర్స్‌కు మారినప్పుడు, అంత పెద్ద మార్పును ‘లాస్ ఏంజెలెస్’ అన్న రెండు పదాలు ఏ మాత్రం పట్టి చూపలేకపోయాయి.

లోగో హక్కు ఉంటే డిజైనరుకు ఎంత వెసులుబాటో టాప్స్ 1965 నమూనా చూస్తే తెలుస్తుంది. అందులో కింది ఎడమ మూల ఒక త్రికోణపు జెండా, దాని మీద జట్టు పేరు, చిహ్నం ఉంటాయి. కార్డు అందమంతా ఆ జెండాదే. పాత నమూనాలతో టాప్స్ తెచ్చే హెరిటేజ్ సెట్‌లో 2014లో అదే నమూనాను తిరిగి వాడారు. ఆ పేజీ ముందు మా అబ్బాయి గంటల తరబడి కూర్చునేవాడు. అయితే టాప్స్ మీదా నాకు ఒక అసంతృప్తి ఉంది: ప్రధాన సెట్‌లోని ఫొటోనే క్రోమ్ సెట్‌లోనూ మెరుపు కాగితం మీద మళ్ళీ చూడవలసి వస్తుంది. పోటీదారుకు లోగో హక్కు ఉండి ఉంటే ఇంత తేలికగా సరిపెట్టేవారు కారని నా నమ్మకం. 2022 జనవరిలో టాప్స్‌ను క్రీడా వస్తువుల సంస్థ ఫనాటిక్స్ కొన్న తరువాత కూడా ఆ హక్కు ఒకరి చేతిలోనే ఉంది.

పనీని కార్డుల్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేవి డైమండ్ కింగ్స్. కాన్వాసును తలపించే గరుకు కాగితం మీద ఫొటోను వర్ణచిత్రంలా మలుస్తారు గనుక, టోపీ మీద అక్షరం లేకపోవడం లోపమనిపించదు. కాలేజీ యూనిఫాంలతో వచ్చిన కాంటెండర్స్ కార్డులూ నిండుగా ఉంటాయి, ఎందుకంటే కాలేజీ చిహ్నాలకు ఆ సంస్థ వేరే లైసెన్సు తీసుకుంది.

పిల్లలకు మొదటి ప్యాక్ కొనేవారు లోగోలున్న సెట్‌తోనే మొదలుపెట్టాలి. ఏ జట్టో తెలియకుండా వారికి ఆటగాడు గుర్తుండడు. ఆటను కొన్నేళ్ళు చూసినవారు డైమండ్ కింగ్స్ నిస్సంకోచంగా కొనవచ్చు. మా పనీని ఆల్బమ్‌లలో ఇప్పుడు ప్రతి కార్డు వెనుకా ఒక చిన్న చీటీ ఉంది. దాని మీద జట్టు పేరు, సంవత్సరం మా అబ్బాయి పెన్సిల్‌తో రాశాడు.