ఇంటింటి నీటి మీటర్ల సేవ: పనితనం మెచ్చదగ్గదే, రేటు పెట్టిన తీరే బాగాలేదు

బెంగళూరు మారతహళ్ళిలోని మా అపార్ట్‌మెంట్‌లో నీటి మీటర్లు బిగించిన సంస్థ పనితనానికి పెద్దగా వంక పెట్టలేను. మా ఫ్లష్ ట్యాంకు కారుతున్న సంగతి మాకంటే ముందే ఫోనుకు చేరింది. అయితే పైట్యాంకు ఖాళీ అయి మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు, గొట్టంలోని గాలికే మీటరు అంకెలు గిర్రున తిరగడం కళ్ళారా చూశాను. ఆ గాలికీ బిల్లు వచ్చింది.

అసలు అభ్యంతరం రేటు గురించి. బెంగళూరులో 2014 తరువాత మళ్ళీ 2025 ఏప్రిల్‌లోనే కావేరి నీటి ఛార్జీలు పెరిగిన మాట నిజమే. కానీ కావేరి నీరు, బోరు నీరు, ట్యాంకరు నీరు ఒకే సంపులో కలిసే చోట, దేని ఖర్చు ఎంతో చూపకుండా, సర్వసభ్య సమావేశం పిలవకుండా, లిఫ్టు పక్కన కాగితం అంటించి కొత్త రేటు ప్రకటించడం సంప్రదింపు అనిపించుకోదు. అద్దెకున్నవారి మాటే ఎత్తలేదు, బిల్లు కట్టేది మాత్రం వారే!

ఇరుగుపొరుగువారమంతా సంతకాలు పెట్టి ట్యాంకరు రసీదులు అడిగితే, సంస్థ అసోసియేషన్‌ను అడగమంది, అసోసియేషన్ సంస్థను అడగమంది. ఈ సేవ తీసుకోదలచినవారు, రేటు నిర్ణయించే అధికారం ఎవరిదో ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. నా రేటింగు ఐదుకు రెండు.