జర్మనీ తన గురించి తాను ఏమనుకుంటోంది: ఏ పేపర్ చదివితే మేలు?

చదువుకో ఉద్యోగానికో జర్మనీ వచ్చి, భాషని బీ2 స్థాయి (పేపర్ చదవగలిగేంత) దాకా లాక్కొచ్చిన మనవాళ్లు తరచూ అడుగుతుంటారు: జర్మన్ అంటే ఎవరన్న గొడవ అర్థం కావాలంటే ఏ పేపర్ వేయించుకోవాలి? అసలు పోటీ ఫ్రాంక్‌ఫర్ట్ దినపత్రిక ఎఫ్ఏజెడ్‌కీ (ఫ్రాంక్‌ఫుర్టర్ ఆల్గెమైనె ట్సైటుంగ్), మ్యూనిక్ దినపత్రిక జ్యూడ్‌డాయిచెకీ మధ్యే. ఒకటి కన్జర్వేటివ్, ఒకటి లిబరల్ అని అందరికీ తెలుసు. నేను చూసేది మాత్రం ఒక్కటే: 'మనం ఎవరం' అని రాసేటప్పుడు 1933-45 నాజీ పాలనని ఎక్కడ పెడుతున్నారు?

జ్యూడ్‌డాయిచెకి ఇందులో తడబాటు లేదు. 1945 అక్టోబర్ 6న తొలి సంచిక అచ్చు కోసం హిట్లర్ పుస్తకం సీసపు పలకలు కరిగించారు. ఆ ధోరణి ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు జడ్జిగా పనిచేసిన హెరిబెర్ట్ ప్రాంట్ల్ వ్యాసాలు చూడండి. ఆయనకు దేశమంటే రాజ్యాంగం, శరణార్థుల హక్కే దానికి పరీక్ష. ఆ వాదన నాకూ నచ్చుతుంది. కానీ నాలుగు వ్యాసాలు చదివాక అయిదోదాని ముగింపు ముందే తెలిసిపోతుంది.

ఎఫ్ఏజెడ్‌లో అలా తెలియదు. దేశభక్తికి ఆధారం రాజ్యాంగమేనని రాజనీతి పండితుడు డోల్ఫ్ స్టెర్న్‌బెర్గర్ 1979 మే 23న రాసింది ఇందులోనే. నాజీ నేరాలను సోవియట్ నేరాలకు ప్రతిచర్యగా చూపించిన చరిత్రకారుడు ఎర్న్‌స్ట్ నోల్టె వ్యాసం 1986 జూన్‌లో వేసిందీ ఇదే. జూలైలో డీ ట్సైట్ వారపత్రికలో తత్వవేత్త హాబెర్మాస్ దానిపై విరుచుకుపడ్డారు, నాజీ గతాన్ని ఎలా చూడాలన్న 'చరిత్రకారుల తగాదా' ముదిరింది. నోల్టె వాదన నాకు మింగుడుపడదు. అయినా జర్మన్లు తమలో తాము తేల్చుకోలేకపోయింది తేలనట్టుగానే కనిపించేది ఈ పేపర్లోనే. అందుకే నా ఓటు దీనికి, వాక్యం చివర క్రియ కోసం ఎంత వెతుక్కోవాల్సి వచ్చినా సరే.

సంచలనాల పత్రిక బిల్డ్ సంగతా? 2005లో జర్మన్ కార్డినల్ రాట్‌సింగర్ పోప్‌గా ఎన్నికైతే 'మనమే పోప్!' అంది. గెలిస్తే జర్మన్, ఓడితే వలసవాడినా అంటూ టర్కీ మూలాలున్న ఫుట్‌బాలర్ ఓజిల్ 2018లో జాతీయ జట్టు వదిలేస్తే అతన్నే ఉతికేసింది. బేకరీ దగ్గర హెడ్డింగ్ చూస్తే చాలు, కొనక్కర్లేదు.

1780 నుంచీ వస్తున్న జ్యూరిక్ దినపత్రిక ఎన్‌జెడ్‌జెడ్ జర్మనీని పక్కింటి నుంచి చూస్తుంది, ఆదివారాలకు బాగుంటుంది. వియన్నాలో ఉండేవాళ్లు డేర్ స్టాండర్డ్ తీసుకోండి. అక్కడి లెక్క వేరు: 1986లో అధ్యక్ష అభ్యర్థి వాల్డ్‌హైమ్ తన యుద్ధకాలపు సైనిక గతాన్ని దాచిన వ్యవహారం బయటపడేదాకా ఆస్ట్రియా తనను హిట్లర్ తొలి బాధితురాలిగానే చెప్పుకుంటూ వచ్చింది.